మూడు బన్నుల లెక్క

ఆ డిసెంబరులో నేను దేవుణ్ణి కోరుకున్నది ఒక్కటే, కెర్లి కాలు విరగాలని. పెద్దగా ఏమీ వద్దు, చిన్న ఎముక చాలు, ఆరు వారాల్లో అతుక్కుపోయేది. జనవరి వచ్చేసరికి అదే దేవుణ్ణి అదే కాలు చల్లగా కాపాడమని వేడుకోవలసి వచ్చింది. ఆయనకు నా మీద ఎంత విసుగు పుట్టి ఉంటుందో తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. అప్పుడు రాలేదు. నాకు పదహారేళ్ళు, కోపం ముక్కు మీద ఉండేది.

కెర్లి మా ఇంట్లోనే ఉండేది. మా ఎస్టోనియాలోని సారెమా దీవి పిల్ల. అక్కడ స్కేటింగ్ హాలు లేదు, చెరువు గడ్డకడితే ఆట, కరిగితే ఆట కట్టు. అందుకని పదమూడో ఏట రాజధాని తాలిన్ వచ్చి మా ఇంట్లో, నా గదిలో, నా మంచానికి ఎదురు మంచం మీద స్థిరపడింది. వాళ్ళమ్మ నెలకు రెండుసార్లు బస్సు డ్రైవరు చేతికి పొగబెట్టిన చేపల మూట ఇచ్చి పంపేది. నా చొక్కాలన్నీ చేపల వాసనే. మూడేళ్ళు ఒకే దీపం కింద చదువుకున్నాం, ఒకే ట్రాములో పొద్దున్నే హాలుకు వెళ్ళాం, ఒకే గురువు దగ్గర తిట్లు తిన్నాం. అయినా మేం స్నేహితులమని ఎవరైనా అంటే ఇద్దరమూ ఒంటికాలి మీద లేచేవాళ్ళం.

డిసెంబరులో దేశస్థాయి పోటీలు జరిగాయి. తొమ్మిది మంది జడ్జీల్లో అయిదుగురు కెర్లిని నాకంటే ముందు పెట్టారు, నలుగురు నన్ను ముందు పెట్టారు. అంతే తేడా. మార్చిలో హెల్సింకిలో జరిగే దేశదేశాల ఛాంపియన్‌షిప్‌కు మా దేశం నుంచి ఒక్కరే వెళ్ళాలి. ఆ ఒక్కరూ కెర్లి అయింది.

అప్పటి నుంచి ఆమెకు ఒక కొత్త అలవాటు పట్టుకుంది. మా ఇల్లు నాలుగో అంతస్తు. పొద్దున్నే మెట్లు దిగేటప్పుడు తలుపు దగ్గర ఆగి, ‘నువ్వు పద’ అని నన్ను ముందు నడవమనేది. గెలిచినదానికి మర్యాదలు కూడా వచ్చేశాయి కాబోలనుకుని పళ్ళు నూరుకుంటూ దిగేదాన్ని.

జనవరి మొదటి వారంలో మా గురువు తమారా ల్వోవ్నా మమ్మల్నిద్దరినీ బల్ల మీద కూర్చోబెట్టి సంగతి చెప్పింది. ఆమె ఏదీ పూసగుచ్చదు, కత్తితో కోసినట్టు చెబుతుంది. మంచు మీద సాధన చేసే పొద్దుటి గంటలన్నీ హాలువాళ్ళు హాకీ జట్టుకు ఇచ్చేస్తున్నారట. వచ్చే సీజన్‌లో మాకు మిగిలేది ఒకే ఒక్క గంట. ఆ గంటలో పోటీకి వెళ్ళేవాళ్ళకే చోటు.

ఛాంపియన్‌షిప్ నియమం ఒకటుంది. ఏ దేశపు అమ్మాయి అయినా మొదటి పదిమందిలో నిలిస్తే, మరుసటి ఏడు ఆ దేశం నుంచి ఇద్దరు రావచ్చు. నిలవకపోతే మళ్ళీ ఒక్కరే. కెర్లి పదిలోపు వస్తే వచ్చే ఏడు ఆమె పక్కన నాకూ చోటు, నాకూ మంచు. పదకొండో స్థానమైతే నా స్కేట్లు అటక మీదికి. అమ్మ అప్పటికే కుట్టుపని బడి దరఖాస్తు తెచ్చి వంటింట్లో రొట్టెల డబ్బా కింద పెట్టింది. దాచినట్టూ కాదు, చూపించినట్టూ కాదు.

‘అర్థమైందా?’ అంది తమారా ల్వోవ్నా. కెర్లి తల ఊపింది. నాకు అర్థమైంది ఇంకోటి. కెర్లికి పదో స్థానం వస్తే నష్టం, పదకొండో స్థానం వస్తే లాభం. పదకొండులో ఉంటే వచ్చే ఏడు వెనక నుంచి తరిమే నేను ఉండను, మంచు మొత్తం ఆమెదే. నా బతుకు ఆమె కాళ్ళ కింద ఉంది, ఆ కాళ్ళకేమో నాతో పనిలేదు. ఆ రోజు నుంచి ఆమె దగ్గితే నాకు జ్వరం వచ్చేది.

ఇక చూడండి నా అవస్థ. ఆమె మేజోళ్ళు పొయ్యి దగ్గర ఆరబెట్టింది నేను. చలిలో టోపీ మరిచిపోతే వెనకాల పరిగెత్తి నెత్తిన పెట్టింది నేను. అమ్మ ఆమె కోసం నీలం గౌను కుడుతుంటే, ఆ గౌనుకు తళుకులు ఒక్కొక్కటే సూదికి గుచ్చి ఇచ్చిందీ నేనే. కడుపు మండిపోతూనే ఉండేది, చేతులు మాత్రం పని చేసేవి.

మా అమ్మమ్మ ఉర్వె పరిస్థితి వేరు. ఆమె ముప్పై ఏళ్ళు స్కేటింగ్ పోటీల్లో లెక్కలు కట్టిన మనిషి. పూసల చట్రం ఒళ్ళో పెట్టుకుని, టకటకా జరిపి, ఎవరు ఎన్నో స్థానమో చెప్పేసేది. కంప్యూటర్లు వచ్చి ఆమెను ఇంటికి పంపాయి. ఆ కసితో ప్రతి పోటీకీ ఫిన్లాండ్ టీవీ ముందు గళ్ళ కాగితంతో కూర్చుని, తెర మీద ఫలితం రాకముందే తన ఫలితం ప్రకటించేది. ఆ చలికాలం నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఆ విద్య నేర్పింది.

‘మార్కులు చూసి ఏడవకే. అయిదు ఇచ్చాడా నాలుగున్నర ఇచ్చాడా అన్నది అనవసరం. ఆ జడ్జీ ఎవర్ని ఎవరికంటే ముందు కూర్చోబెట్టాడు, అది చూడు’ అనేది.

నాకు అది తలకెక్కింది మాత్రం ఫిబ్రవరిలో, బన్నుల పండుగ రోజున.

ఈస్టరు ఉపవాసాల ముందు మంగళవారం మా ఊళ్ళో అందరూ గుట్టల మీద నుంచి జారుడుబండ్ల మీద జారతారు, సాయంత్రం మీగడ బన్నులు తింటారు. మా మెట్ల వరసలో బన్నులంటే యుద్ధమే. మూడో అంతస్తు మైముకూ మా అమ్మకూ పన్నెండేళ్ళుగా తెగని పోటీ. ఆ ఏడు అమ్మమ్మ అడ్డం పడి, ఇరుగుపొరుగువాళ్ళు తొమ్మిది మందిని మా వంటింట్లో కూర్చోబెట్టి, తలా ఒక చీటీ ఇచ్చి, ‘మాటలు వద్దు, ఏది మొదటిదో రాయండి’ అంది.

చీటీలు విప్పితే అయిదుగురు మైముది మొదటిదన్నారు, నలుగురు అమ్మది మొదటిదన్నారు. అచ్చంగా నాకూ కెర్లికీ జరిగినట్టే. మైము కుర్చీలో వెనక్కి వాలింది. అమ్మ మూతి ముడుచుకుని గిన్నెలు తోమడానికి లేచింది.

అప్పుడు కెర్లి పొయ్యిలోంచి ఆలస్యంగా తన బన్నులు తీసింది. ఒక వైపు మాడాయి, ఇంకో వైపు మీగడ కారిపోతోంది. తనవీ పోటీలో పెట్టాలని పట్టుబట్టింది. సరేనని అందరూ తిని, ఈసారి మూడింటినీ వరుసలో రాశారు.

అమ్మమ్మ చీటీలు విప్పుతూ గళ్ళ కాగితం మీద గీతలు పెట్టింది. అమ్మ వైపు నలుగురూ అమ్మది మొదటిది, కెర్లిది రెండోది, మైముది చివర అన్నారు. మైము వైపు అయిదుగురిలో ముగ్గురు మైముది, అమ్మది, కెర్లిది అని వరుస పెట్టారు. మిగతా ఇద్దరు మీగడ చూసి పడిపోయి కెర్లిది మొదట, మైముది రెండోది, అమ్మది చివర రాశారు. మొదటి స్థానాలు అమ్మకు నాలుగు, మైముకు మూడు, కెర్లికి రెండు. నెగ్గాలంటే సగానికి పైన, అంటే అయిదు కావాలి. ఎవరికీ లేవు. అలాంటప్పుడు రెండో స్థానాలు కూడా కలుపుతారు. కలిపితే అమ్మకు ఏడు, కెర్లికి ఆరు, మైముకు అయిదు.

‘హెల్వె మొదటిది’ అంది అమ్మమ్మ. హెల్వె అంటే మా అమ్మ.

మైము కుర్చీలోంచి లేచింది. ‘ఇందాక నెగ్గింది నేను కదా. ఈ పది నిమిషాల్లో హెల్వె బన్ను తీపెక్కిందా? నాది చేదెక్కిందా?’

‘బన్నులు మారలేదమ్మా. మూడోది వచ్చి మధ్యలో కూర్చుంది. అది ఎక్కడ కూర్చుందో దాన్నిబట్టి లెక్క తిరుగుతుంది. పెద్ద పెద్ద పోటీల్లోనే తిరిగింది, నీ బన్నెంత?’

మైము ఒక వారం మాతో మాట్లాడలేదు. అమ్మ మాత్రం ఆ వారమంతా పాటలు పాడుకుంది. మాడిన బన్నులు చేసి ఆఖరు రావలసిన కెర్లి రెండో స్థానం తెచ్చుకుని, మిగిలినవన్నీ తనే తినేసింది.

పోటీకి పది రోజుల ముందు నా అనుమానం పెనుభూతమైంది. కెర్లి ప్రదర్శన చివర్లో గాలిలో మూడు చుట్లు తిరిగే దూకు ఒకటి ఉండేది. సాధనలో నాలుగుసార్లకు మూడుసార్లు పడుతోందని తమారా ల్వోవ్నా దాన్ని తీసేసి, రెండు చుట్లదే చాలంది. నేను అమ్మమ్మ పాత కాగితాలన్నీ తిరగేశాను. చివర రెండు చుట్లతో సరిపెట్టుకున్న అమ్మాయి ఎవరూ ఆ పోటీలో పదిలోపు రాలేదు. పన్నెండు, పదమూడు, పద్నాలుగు.

ఆ సాయంత్రం గదిలో కెర్లి మంచం మీద కూర్చుని కాగితంలో చేప వలుచుకుంటోంది. అడగకూడదనుకుంటూనే అడిగాను, మూడు చుట్లది వదిలేశావట కదా అని.

‘వదిలేశా’ అంది.

‘ఎందుకు?’

‘ఎందుకేమిటే. నా చోటు నాకుంది. వెళ్ళి నడుం విరగ్గొట్టుకుని రావడం దేనికి?’ అని చేప ముక్క నోట్లో వేసుకుంది.

నాకు కాళ్ళు పట్టుకుని బతిమాలాలనీ అనిపించింది, ఆ చేపతోనే కొట్టాలనీ అనిపించింది. రెండూ చెయ్యలేదు. గోడవైపు తిరిగి పడుకున్నాను. బతిమాలితే లోకువైపోతానన్న పొగరు. ఆ పొగరే నన్ను ముంచుతుందని తెలిసి కూడా నోరు తెరవలేదు.

మార్చిలో సముద్రం ఇంకా సగం గడ్డకట్టే ఉంది. ఓడ ఆ మంచు పలకల్ని పగలగొట్టుకుంటూ వెళ్ళింది. నాన్న ఆ ఓడలో వంటవాడు కాబట్టి నన్ను కూడా ఎక్కించగలిగాడు. జడ వెయ్యడానికీ గౌను తొడగడానికీ ఒక మనిషి కావాలి, ఆ మనిషిని నేను. అమ్మా అమ్మమ్మా ఇంట్లో టీవీ ముందు.

మొదటి రోజు వడపోత. కెర్లి గట్టెక్కింది. మిగిలిన ఇరవైనాలుగు మందికి రెండో రోజు వచ్చిన స్థానమే అసలు స్థానం. ఎవరు ఎప్పుడు ఆడాలో చీటీలు తీశారు. కెర్లికి పదిహేడో చీటీ వచ్చింది. పోటీ పొద్దున్నే మొదలు, మధ్యాహ్నానికి పూర్తి, నాలుగింటికి మా ఓడ.

నేను పై మెట్ల మీద గళ్ళ కాగితం ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. మొదటి పదహారు మందినీ రాశాను. అందులో డెన్మార్క్ అమ్మాయి ఒకతె, చక్కగా, తడబాటు లేకుండా ఆడింది. కెర్లి దాటవలసింది ఈమెనే అని అప్పుడే గుండెలో ముల్లులా దిగింది.

కెర్లి పేరు పిలిచారు. నీలం గౌనులో మంచు మధ్యకు వెళ్ళి నిలబడింది. సంగీతం మొదలైంది. మొదటి దూకు బాగుంది, రెండోదీ బాగుంది. గిరికీ కొడుతుంటే తళుకులు మెరిశాయి. అవి నేను గుచ్చినవే అని అంత కంగారులోనూ గుర్తొచ్చింది. మూడు నిమిషాలు గడిచాయి, ఒక్క తప్పు లేదు. ఇక చివరి దూకు, రెండు చుట్లది. ఆ తరవాత పద్నాలుగో స్థానం, ఆ తరవాత కుట్టుపని బడి.

ఆమె దూరం నుంచి రావడం మొదలుపెట్టింది. ఆ వేగం చూసి నేను లేచి నిలబడ్డాను. రెండు చుట్లకు అంత వేగం అక్కర్లేదు. గోడ దగ్గర తమారా ల్వోవ్నా కూడా రెండు చేతులూ నెత్తిన పెట్టుకుంది. కెర్లి లేచింది. ఒకటి, రెండు, మూడు. దిగేటప్పుడు ఒళ్ళంతా పక్కకు ఒరిగింది, చెయ్యి మంచుకు తాకబోయింది, తాకలేదు. నిలబడింది. హాలంతా చప్పట్లు. నా పెన్సిలు ఎక్కడ పడిపోయిందో తెలియదు, ముందు వరస ముసలాయన నెత్తి మీద పడిందని ఆయన తిరిగి చూస్తే తెలిసింది.

మార్కులొచ్చాయి. నలుగురు జడ్జీలు ఆమెను డెన్మార్క్ అమ్మాయికంటే ముందు పెట్టారు. అయిదుగురు వెనక పెట్టారు. మళ్ళీ అదే అయిదూ నాలుగూ. నాకు ఏడుపొచ్చింది, కానీ ఇంకా ఏడుగురు ఆడాల్సి ఉంది. వాళ్ళు ఒక్కొక్కరే వచ్చి, బాగా ఆడినవాళ్ళు పైన చేరారు, పడినవాళ్ళు కింద చేరారు. ఇరవైమూడో అమ్మాయి ముగించేసరికి బోర్డు మీద పదో స్థానంలో డెన్మార్క్, పదకొండులో కెర్లి. మిగిలింది ఒక్కతె, నార్వే అమ్మాయి.

ఆట తెలిసినవాళ్ళెవరైనా ఏమంటారు? ఆఖరు అమ్మాయి బాగా ఆడితే కెర్లి పన్నెండుకు పోతుంది, బాగా ఆడకపోతే పదకొండులో ఉంటుంది. కిందికి దారి ఉంది, పైకి లేదు. తమారా ల్వోవ్నా అలాగే అనుకుంది. కింద నుంచి నాకు చెయ్యి ఊపి, సామాను సర్దుకోమని సైగ చేసింది. కెర్లి మొహం చేతుల్లో దాచుకుని గౌను గదివైపు వెళ్ళిపోయింది. భుజాలు అదురుతున్నాయి. ఏడుస్తోంది. నాకు విచిత్రంగా అనిపించింది. ఆమె చోటు ఆమెకుంది. పదకొండైనా పన్నెండైనా వచ్చే ఏడు ఆమే వస్తుంది. మరి ఈ ఏడుపు దేనికి?

నేనూ లేవబోయాను. కాగితం మడవబోతూ ఆ రెండు వరుసలూ ఇంకోసారి చూశాను. అయిదుగురు అటు, నలుగురు ఇటు. ఒక్కసారిగా మా వంటిల్లు కళ్ళ ముందుకొచ్చింది. డెన్మార్క్ అమ్మాయి మైము. కెర్లి మా అమ్మ. మూడో బన్ను ఇంకా పొయ్యిలోనే ఉంది.

మళ్ళీ కూలబడ్డాను. నార్వే అమ్మాయి అప్పటికే మంచు మీదికి వచ్చేసింది. ఆమె మరీ బాగా ఆడకూడదు, ఆడితే అందర్నీ దాటి పైకి పోతుంది, లెక్క తిరగదు. మరీ చెడగొట్టుకోకూడదు, చెడగొట్టుకుంటే అందరి కిందికీ పోతుంది, అప్పుడూ తిరగదు. సరిగ్గా వాళ్ళిద్దరి మధ్యలో వచ్చి కూర్చోవాలి.

మొదటి దూకు అద్భుతంగా దూకింది. ‘అంత వద్దు తల్లీ’ అన్నాను పైకే. రెండో దూకుకు పడింది. ‘లే, లే’ అన్నాను. లేచింది. మూడోది బాగుంది, నాలుగోది ఇంకా బాగుంది. చాలు చాలు అంటున్నాను. అయిదోదానికి మంచు మీద కూర్చుండిపోయింది. నేను రెండు చేతులూ జోడించి, ‘ఇక పడకు, నీ పుణ్యముంటుంది, పడకు’ అని అరిచాను. ముందు వరస ముసలాయన పూర్తిగా తిరిగి, ‘అమ్మాయీ, నువ్వు ఈమె పక్షమా, కాదా? ఒకటేదో తేల్చుకో’ అన్నాడు. నాకు ఫిన్లాండ్ వాళ్ళ భాష టీవీ పుణ్యమా అని బాగానే వచ్చు, జవాబు చెప్పే తీరిక మాత్రం లేదు.

బోర్డు మీద దూకులకు ఇచ్చిన మొదటి వరుస మార్కులు పడ్డాయి, తరవాత సొగసుకు ఇచ్చిన రెండో వరుస. పెన్సిలు లేదు. ముసలాయన జేబులోంచి పెన్ను తీసి ఇచ్చాడు. ఒక్కో జడ్జీ ఇచ్చిన రెండు మార్కులూ కలిపి, పాత అంకెల పక్కన పెట్టి పోల్చాను. కెర్లిని ముందు పెట్టిన మొదటి జడ్జీ నార్వే అమ్మాయిని కెర్లి కింద, డెన్మార్క్ పైన పెట్టాడు. రెండోవాడూ అంతే. మూడోవాడూ, నాలుగోవాడూ అంతే. డెన్మార్క్ వైపు అయిదుగురిలో ముగ్గురు నార్వే అమ్మాయిని ఇద్దరికీ కింద పెట్టారు. ఇద్దరు మాత్రం ఇద్దరికీ పైన పెట్టేశారు.

పదో స్థానాలు కెర్లికి నాలుగు, డెన్మార్క్‌కు మూడు, నార్వేకు రెండు. అయిదు ఎవరికీ లేవు. పదకొండో స్థానాలు కలిపాను. కెర్లికి ఏడు. నార్వేకు ఆరు. డెన్మార్క్‌కు అయిదు.

మళ్ళీ కలిపాను. ఏడు, ఆరు, అయిదు. నేను తప్పు చేస్తున్నానేమో, నాకు కావలసిందే నాకు కనబడుతోందేమో అని మూడోసారి మొదలుపెడుతుంటే హాలంతా గుసగుసలు లేచాయి. తలెత్తాను. బోర్డు తిరగరాసుకుంటోంది. పది, ఎస్టోనియా. పదకొండు, నార్వే. పన్నెండు, డెన్మార్క్. జనం ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నారు. నేను ముసలాయన బట్టతల మీద ముద్దు పెట్టి, ఆయన పెన్ను తిరిగి ఇవ్వకుండానే మెట్ల మీద నుంచి దూకాను.

గౌను గదిలో కెర్లి ఒక కాలికి స్కేటు విప్పి, రెండో కాలికి ఉంచుకుని కూర్చుంది. తమారా ల్వోవ్నా బట్టలు సంచిలో కుక్కుతోంది.

‘పదో స్థానం’ అన్నాను. ఊపిరి అందలేదు.

‘పదకొండు. ఎగతాళి చెయ్యకే. కావాలంటే ఇంటికెళ్ళాక చెయ్యి’ అంది కెర్లి, తల ఎత్తకుండానే.

‘బన్నులు’ అన్నాను. ‘నువ్వు మా అమ్మవి. నార్వే అమ్మాయి నీ మాడిన బన్ను. మధ్యలో కూర్చుంది.’

తమారా ల్వోవ్నా నాకు మతిపోయిందనుకుని నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది. నేను కాగితం చేతిలో పెడితే దాన్ని కాదని, తనే బయటికి నడిచింది. మేమిద్దరం తలుపు వైపు చూస్తూ ఉండిపోయాం. రెండు నిమిషాల తరవాత ఆమె తిరిగొచ్చి, సర్దిన సంచి మీదే కూర్చుండిపోయి, ‘పది’ అంది. ఆమె కళ్ళలో నీళ్ళు నేను చూడడం అదే మొదలు. వెంటనే కెర్లి వైపు తిరిగి, చెప్పిన మాట వినకుండా మూడు చుట్లు దూకినందుకు వారం రోజులు ఎవరూ దాని మొహం చూడకూడదని తిట్టింది. తిడుతూనే దాని తల ఒళ్ళోకి లాక్కుంది.

నడవాలో టెలిఫోను ఉంది. ముగ్గురం ఒకే రిసీవరు మీద వాలాం. మొదటి గంటకే అమ్మమ్మ ఎత్తింది. హలో లేదు, ఎవరని అడగడమూ లేదు.

‘ఏడు, ఆరు, అయిదు. నీకెంత వచ్చింది?’ అంది.

‘అంతే వచ్చింది అమ్మమ్మా.’

‘కంప్యూటరుకంటే ముందే వచ్చిందా?’

‘ముందే వచ్చింది.’

‘మంచిది’ అని పెట్టేసింది. ఆ తరవాత అమ్మ చెప్పింది, ఫోను పెట్టేశాక అమ్మమ్మ పూసల చట్రాన్ని ముద్దు పెట్టుకుని, అయిదు నిమిషాలు బాల్కనీలో చలిలో నిలబడి వచ్చిందట. దరఖాస్తు కాగితం వెనకవైపు అమ్మ ఆ రోజే సరుకుల జాబితా రాసేసింది.

ఓడలో నాన్న మాకోసం వంటగదిలోంచి వేడి వేడి బఠానీ సూపు తెచ్చాడు. తిని, ఇద్దరం పైకి వెళ్ళి కమ్మీ పట్టుకుని నిలబడ్డాం. కింద మంచు పలకలు టపటపా విరుగుతున్నాయి. చివరికి నేనే అడిగాను, ఆ మూడు చుట్లు ఎందుకు దూకావని. నీ చోటు నీకుందన్నావు కదా అని.

కెర్లి టోపీ చెవుల మీదికి లాక్కుంది. ‘పొద్దున్నే ఆ మంచు మీద నేనొక్కదాన్నే అంటే నాకు పక్క మీంచి లేవబుద్ధి కాదే. నువ్వు వెనకాల తరుముకొస్తుంటేనే నా కాలు లేస్తుంది’ అంది. కమ్మీ మీది మంచు గీకుతూ, ‘వచ్చే డిసెంబరులో మళ్ళీ ఓడిస్తా, అది వేరే సంగతి’ అంది.

ఇక దాచుకోలేకపోయాను. ‘నీకొకటి చెప్పాలి. మొన్న డిసెంబరులో నేను...’

‘నా కాలు విరగాలని మొక్కుకున్నావు. తెలుసు.’

‘నీకెవరు చెప్పారు?’ అన్నాను.

‘నిద్దట్లో మాట్లాడతావే నువ్వు. చిన్న ఎముక చాలన్నావు, ఆరు వారాలన్నావు. అంతా విన్నా. ఆ మర్నాటి నుంచే కదా మెట్ల మీద నిన్ను ముందు నడవమంటున్నా’ అని సముద్రం వైపు చూస్తూ నవ్వింది. నేను సిగ్గుతో చచ్చిపోయాను. ఆ తరవాత నాకూ నవ్వు ఆగలేదు. ఇద్దరం కడుపులు పట్టుకుని నవ్వుతుంటే నాన్న పైకొచ్చి, జలుబు చేస్తుంది లోపలికి రమ్మని కేకలేశాడు.

తాలిన్ రేవులో అమ్మా అమ్మమ్మా నిలబడి ఉన్నారు. అమ్మమ్మ గళ్ళ కాగితాన్ని జెండాలా పట్టుకుని ఊపుతోంది. పక్కన మైము కూడా ఉంది, చేతిలో బన్నుల పళ్ళెంతో. ఓడ నుంచి ఒడ్డుకు దించిన పలక నిటారుగా, ఇరుకుగా ఉంది. దాని మీద నీళ్ళు గడ్డకట్టి నిగనిగలాడుతున్నాయి. అలవాటు కొద్దీ నేను ముందుకు అడుగేశాను. కెర్లి నా భుజం పట్టుకుని వెనక్కి లాగింది.

‘ఉండు. నేను దిగుతా’ అంది.

స్కేట్ల సంచి వీపుకు తగిలించుకుని, ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడకుండా, నా ముందు దిగింది.